అయిదు పెట్టెలకు ఒక్క వైరు

ఉదయగిరిలో పెళ్లయినా, పేరంటమైనా, చర్చి వార్షికోత్సవమైనా అందరికంటే ముందు వచ్చేది చెంచయ్యే. పెళ్లికొడుకు కాస్త ఆలస్యమైతే జనం సర్దుకుంటారు గానీ మైకుసెట్టు రాకపోతే అది పెళ్లి కింద లెక్కే కాదు. చెంచయ్య వస్తూనే దగ్గర్లో ఎత్తయిన వేపచెట్టేదో చూసుకుని, చకచకా ఎక్కి, రేకు హారన్లను తలో దిక్కుకూ తిప్పి కట్టేవాడు. పాట కొండకు తగిలి తిరిగి రావాలి. పక్క ఊరివాళ్లు ఎవరిదబ్బా ఈ పెళ్లి అని ఆరా తీయాలి. ఆయన దృష్టిలో మంచి సౌండంటే అదీ. పందిట్లో కూర్చున్నవాళ్లు ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకుంటుంటే చెంచయ్యకు కడుపు నిండిపోయేది.

ఆ సౌండును మెచ్చుకోని మనిషి ఊరు మొత్తానికీ ఒక్కతే. ఆమె ఆయన భార్య పెంచలమ్మ. ఆమె చెవులు మహా చురుకు. పక్కింటి పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు కూడా తనింట్లో కూర్చునే పట్టేస్తుంది. అలాంటి చెవుల దగ్గర మైకు కీచుమంటే ఎలా ఉంటుంది? మొగుడు మైకు కట్టిన పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి, నాలుగు మెతుకులు తిని, తలనొప్పితో ఇంటికొచ్చేస్తుంది. రాత్రికి చెంచయ్య వచ్చి సౌండు ఎట్లుండాది అని అడుగుతాడు. "ఇనపడతా ఉండాది" అంటుంది. ఇన్నేళ్ల కాపురంలో అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆడవాళ్లకేం తెలుసులే అని పైకి కొట్టిపారేసేవాడు గానీ, ఆమె నోట ఒక్క మంచి మాట కోసం ఆయన ప్రాణం కొట్టుకునేది.

తొంభై తొమ్మిది వేసవిలో మాజీ సర్పంచి వెంకటరమణయ్య ఇంట్లోకి రెండు వింతలు దిగాయి. ఒకటి మద్రాసు నుంచి తెప్పించిన కంప్యూటరు. అందులో డీవీడీ బిళ్లలు కూడా ఆడతాయి. రెండోది ఆయన బామ్మర్ది కువైట్ నుంచి మోసుకొచ్చిన సరౌండ్ రిసీవరు అనే సౌండు మిషను, దాంతోపాటు అయిదు స్పీకరు పెట్టెలు. ఆదివారం సాయంత్రం అందరూ వచ్చి చూడండని వెంకటరమణయ్య ఊరంతా చెప్పేశాడు. ఈ రెంటినీ కలిపేదెవరో మాత్రం ఆలోచించలేదు. బామ్మర్ది అప్పటికే తిరిగి విమానమెక్కేశాడు. వైరు అనే మాటకు ఉదయగిరిలో చెంచయ్యే దిక్కు కాబట్టి కబురు ఆయనకే వచ్చింది.

చెంచయ్య తన పద్ధతిలో తాను కానిచ్చేశాడు. కంప్యూటరు వెనక, సౌండ్ కార్డు మీద ఆకుపచ్చ సాకెట్టు కనపడింది. దాంట్లోంచి రెండు వైర్లు లాగి రిసీవరుకు కలిపాడు. మూడు పెట్టెలు హాల్లో ముందు వరుసలో పెట్టాడు. మిగిలిన రెంటినీ వసారాలో స్తంభాలకు కట్టి, మూతులు వీధి వైపు తిప్పాడు. హాల్లోవాళ్లు ఎట్లాగూ వింటారు, దారిన పోయేవాళ్ల గతేం కావాలని ఆయన బాధ. తీరా బిళ్ల వేస్తే ముందున్న మూడింట్లో రెండు పెట్టెలే మోగాయి. సౌండు పెంచితే ఆ రెండే ఇంకా గట్టిగా అరిచాయి, మిగతావి కిమ్మనలేదు. వెంకటరమణయ్య వసారాలోకి వచ్చి, వీధిని చూస్తున్న పెట్టెల్ని చూసి, తల గోక్కుంటూ లోపలికి పోయాడు.

ఇంతలో వెంకటరమణయ్య భార్య కామాక్షమ్మ స్వయంగా వెళ్లి పెంచలమ్మను ఆదివారానికి పిలిచింది. పెద్దింటి పిలుపు కాదనడానికి లేదు, మధ్యలో లేచి రావడానికీ లేదు. చెంచయ్యకు సంతోషం, గుబులు ఒకేసారి పట్టుకున్నాయి. ఇన్నాళ్లకు ఆమె కుదురుగా కూర్చుని వినబోతోంది. ఇప్పుడు కూడా ఆ పాత మాటే అంటే ఇక ఈ జన్మకింతే. మర్నాడు పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కాడు.

ఆత్మకూరు బస్టాండు పక్కన కంప్యూటర్లు నేర్పే కరుణశ్రీ, చిన్నప్పుడు క్రిస్మస్ పాటలు ఆయన మైకులోనే పాడింది. సంగతంతా విని, తనూ అలాంటి రిసీవరును కళ్లారా చూడలేదంటూనే ఒక కంప్యూటరు పత్రిక వెతికి తీసి, చదివి చెప్పింది. ఆకుపచ్చ సాకెట్టులో రెండు సౌండ్లే వస్తాయట. దాని పక్కన నారింజ రంగుది ఉంటే అది డిజిటల్ అవుట్. అయిదు పెట్టెల సౌండూ అందులోంచి ఒక్క వైరు మీదే పోతుందట. చెంచయ్య నమ్మలేదు. హారనుకొక వైరు లాగి బతికిన మనిషి మరి. అప్పుడామె ఆర్టీసీ బస్సులో వేసే పోస్టు సంచుల్ని గుర్తు చేసింది. అన్నీ ఒకే బస్సులో వచ్చినా కలిగిరిది కలిగిరిలో, వింజమూరుది వింజమూరులో దించుతారు కదా, రిసీవరు చేసే పనీ అదేనంది. కేబుల్ టీవీ వైరు ముక్కకు రెండు కొసలా పిన్నులు అతికించి, ఒకటి నారింజ సాకెట్టులో, ఇంకోటి రిసీవరు వెనక కోయాక్సియల్ అని రాసిన చోట గుచ్చి, ముందువైపు బటన్ డిజిటల్‌కు మార్చాలి. కంప్యూటరులో బొమ్మ ఆడించే ప్రోగ్రాములో ఎస్పీడిఫ్ అన్నచోట టిక్కు పెట్టాలి. అది మరిచిపోతే మళ్లీ రెండు పెట్టెలే మోగుతాయి.

అన్నీ విన్న చెంచయ్య, వీధిలో పెట్టెలు ఇంకొంచెం ఎత్తున కట్టమంటావా అని అడిగాడు. కరుణశ్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది.

"వీధికి కాదన్నా. ఆ రెండూ కూర్చున్నోళ్ల ఈపు వెనకాల పెట్టాల. ఈ సౌండు లోపలోళ్లకి, ఊరికి కాదు."

తిరుగు బస్సులో ఆ మాట ఆయన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. ఇన్నేళ్లుగా ఎక్కడో కొండ అవతలివాళ్ల కోసం పాటలు వేశాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఎలా ఉందో ఒక్కనాడూ పట్టించుకోలేదు. పెంచలమ్మ తలనొప్పి ఉత్త వేషం కాదేమోనని మొదటిసారి అనిపించి, పాపం అనుకున్నాడు. ఊళ్లో దిగీ దిగగానే వెంకటరమణయ్య ఇంటికి పోయి, కంప్యూటరు వెనక నారింజ సాకెట్టు వెతికి పట్టుకుని వైరు గుచ్చి, వసారాలోని పెట్టెలు రెండూ విప్పి హాల్లో వెనకగోడకు కట్టాడు.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. కంప్యూటరు తెర మీద బొమ్మ బాగా కనపడాలని తలుపులూ కిటికీలూ మూసేశారు. పెంచలమ్మ వచ్చి వెనకగోడకు ఆనుకుని, తలుపు పక్కన కూర్చుంది. మధ్యలో జారుకునే ఆశ ఇంకా పోలేదు కాబోలు. వెనక పెట్టెల్లో ఒకటి సరిగ్గా ఆమె తల పైన ఉంది. చెంచయ్య టిక్కు ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాడు. సౌండు ఆయన జన్మలో పెట్టనంత తక్కువ పెట్టాడు.

బిళ్లలో ఏదో అడవి కథ. ముందు ఎడమవైపు పిట్ట అరిచింది, కుడివైపు ఇంకోటి బదులిచ్చింది. జనం అటూ ఇటూ తలలు తిప్పారు. ఆ తర్వాత వెనకెక్కడో దూరంగా ఉరిమింది. టపటపమని నాలుగు చినుకులు పడ్డాయి. చూస్తుండగానే జోరందుకుంది.

పెంచలమ్మ దిగ్గున లేచింది. "ఓయమ్మా, మిద్దె మీద వడియాలు" అంటూ తలుపు తీసుకుని ఒక్కటే పరుగు. ఆమె వెనకే మిరపకాయలు ఆరబోసినవాళ్లు, దూడల్ని బయట కట్టేసినవాళ్లు లేచి పరుగెత్తారు. ఆఖరికి వెంకటరమణయ్య కూడా గుమ్మంలోంచి అరచెయ్యి బయటికి చాపి చూశాడు. బయట ఎండ ఇంకా చిటపటలాడుతోంది. వీధిలోవాళ్లకు లోపలి సౌండు ఏమీ వినపడలేదు. ఆడవాళ్లంతా ఆకాశం చూసుకుంటూ ఎందుకు ఉరుకుతున్నారో తెలియక నోళ్లు తెరిచారు. చెంచయ్య మాత్రం రిసీవరు పక్కనుంచి కదల్లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి పెంచలమ్మ వడియాల గుడ్డ చంకన పెట్టుకుని, రొప్పుతూ వచ్చి ఆయన ముందు నిలబడింది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు. గోడ మీది పెట్టె వంకా, మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

"నీ సౌండని తెలిసింటే చెవులు మూసుకుందును గదయ్యా. నిజంగా వానే అనుకున్యా."

వెళ్లి ఇందాకటి చోటే కూర్చుని, వడియాల గుడ్డ ఒళ్లో పెట్టుకుని, ఆ వాన మళ్లీ మొదట్నుంచీ పెట్టమంది.