అమ్మ బొండుమల్లెలు ఎవరికోసమంటే...

మా చిన్నప్పుడు... చలికాలం డిసెంబరం పూలతో వెళ్ళిపోయేది, ఎండలు బొండుమల్లెలతో వచ్చేవి. మధ్యలో సంపెంగ, నందివర్ధనం, ఏదో ఒకటి దొడ్లో పూస్తూనే ఉండేది గానీ, మా అమ్మకి మాత్రం పువ్వంటే బొండుమల్లే!

అమలాపురం దగ్గర ఊరు మాది. తొంభైల నాటి మాట. వీధరుగు పక్కనే నా ఎత్తు మల్లెపొద ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, పశువుల గెత్తం... అన్నీ దానికే. ఒక్క రెమ్మ తుంచనిచ్చేది కాదు అమ్మ.

నాన్న మస్కట్‌లో పని చేసేవారు. ఎప్పుడో సెలవు దొరికితే వచ్చేవారు. సాయంత్రమయ్యేసరికి అమ్మ మొగ్గలు కోసి, అరటినార తడిపి, చకచకా మాల కట్టి జడలో పెట్టుకునేది. పెట్టుకుని ఏం చేసేది? నాకు ఎక్కాలు చెప్పేది, వంట చేసేది, పడుకునేది. అంతే!

దానికే మా వీధికి కంటగింపు. కుళాయి దగ్గర ఒకావిడ అననే అంది...

"మొగుడేమో దేశంకాని దేశంలో ఉన్నాడు. ఈవిడకి మూరెడు పూలు ఎవరికోసమంటండీ?"

అమ్మ వింది. పక్కనే ఉన్న నేనూ విన్నాను. అమ్మ బిందె నింపుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంకో మూర ఎక్కువే పెట్టుకుంది. మా అమ్మ సంగతి మీకు తెలీదు!

మాట మా పెదనాన్నగారి దాకా వెళ్ళింది. నాన్నకి అన్నగారు, పక్కవీధిలో కొబ్బరికాయల వ్యాపారం. తమ్ముడు ఊళ్ళో లేడు కాబట్టి ఈ ఇంటికీ పెద్ద తనే అని ఆయన ధీమా. మళ్ళీ మల్లెల కాలం రాకముందే, మాఘమాసంలో ఓ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మరదలితో ఎదురుగా మాట్లాడరు కదా... లోపలున్న అమ్మకి వినపడేలా మా నానమ్మతో అన్నారు.

"అమ్మా, వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. తమ్ముడక్కడ ఎండలో మాడిపోతుంటే, ఇక్కడ ఏటా ఈ పూలేంటి, ఈ వాసనలేంటి? ఆ పొద తీసేయించు."

నానమ్మ వాదించలేదు. "అలాగేరా" అని లేచి, కత్తి తెచ్చి, అందరూ చూస్తుండగా పొదని మోకాలెత్తుకి నరికేసింది. మిగిలిన కొమ్మల మీద ఆకన్నది లేకుండా దూసేసింది. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి మరీ చూశారు. పెదనాన్నగారు తృప్తిగా వెళ్ళిపోయారు.

నేను గుక్కపెట్టి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు... అత్తగారితో మాటలు మానేసింది. ఏదన్నా అడిగితే "ఆయ్" అనడం, అంతే. చెంబుడు నీళ్ళు పోద్దామని నేను వెళితే, నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పొయ్యకే! ఎండనియ్యి దాన్ని" అంది. రాక్షసి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఫాల్గుణంలో ఒకరోజు నానమ్మే గెత్తం వేసి, బిందెడు నీళ్ళు పోసింది. ఇంకేముంది... మోడు నిండా చిగుళ్ళు! ఉగాది దాటేసరికి ఆకు కనబడితే ఒట్టు. అన్నీ మొగ్గలే. వీధి మొగదాకా వాసన!

అమ్మ పొద ముందు నిలబడి, "అత్తయ్యగారూ..." అంది.

"ఏడిశావులే! ఇన్నేళ్ళూ దానిమీద కత్తి పడనిచ్చేదానివి కాదు. మాఘంలో కొట్టేసి, ఆకు దూసి ఎండగడితేనే మల్లెకి మొగ్గ. మీ బావగారికి కొబ్బరికాయలు తప్ప ఏం తెలుసు? ముందే చెప్తే ఇది అంత బాగా ఏడ్చేది కాదు, నువ్వంత బాగా అలిగేదానివి కాదు, వాడు నమ్మేవాడూ కాదు" అంది నానమ్మ.

ఆ సాయంత్రం మాల తనే కట్టింది... తాతయ్య పోయిన దగ్గర్నించీ తలలో పువ్వు పెట్టుకోని మనిషి. అమ్మ జడ నిండా చుట్టి, అరుగు మీద కూర్చోబెట్టింది.

"అలాక్కాదు. వీపు వీధివైపు పెట్టు. చూసేవాళ్ళకి బాగా కనపడాలి."

పెదనాన్నగారు అటే వస్తూ సైకిలు దిగారు. "నరికేసేవు కదమ్మా?"

"నీ ఎదురుగానే నరికేను కదరా! మళ్ళీ పూసింది. నన్నేం చెయ్యమంటావు?"

"అసలీ పూలు ఎవరికోసమమ్మా?"

"ముక్కున్నవాళ్ళందరి కోసం. నీకూ ఉందిగా, పీల్చు!"

ఆయన సైకిలెక్కేశారు. అమ్మా నేనూ పగలబడి నవ్వాం. నవ్వుతూ నానమ్మ వైపు చూశాం... మాల కట్టిన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసుకుంటోంది. మా నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు నానమ్మ లేదు. అమ్మ నా దగ్గరే, అమలాపురంలో ఉంటుంది. మా వీధిలో అందరిళ్ళూ గేటు నుంచి గోడదాకా సిమెంటే... మొక్కలుంటే చెత్తట! అమ్మ మాత్రం మేస్త్రీతో పోట్లాడి గేటు పక్కన కాస్త మట్టి మిగిల్చుకుంది. ఆ పాత పొద నుంచి తెచ్చిన అంటు అక్కడ పూస్తోంది.

పోయినేడాది నాన్న పోయారు. ఈ ఎండాకాలం మొదటి మల్లెలు పూసిన రోజున, పరామర్శకని వచ్చిన బంధువొకావిడ అమ్మ తలకేసి చూసింది. "ఇంకా ఎవరికోసం వదినా ఈ పూలు?" అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇన్నేళ్ళైనా అదే ప్రశ్నా!

అమ్మ కుర్చీ గేటు దగ్గరకి లాక్కుని, వీపు రోడ్డువైపు పెట్టి కూర్చుంది. ఆవిడ వెళ్ళిపోయాక నాతో అంది...

"మీ నానమ్మ వేళ్ళు వాసన చూసుకోవడం నేను చూశానే. నేనలా సరిపెట్టుకోను."

మీ ఇళ్ళల్లోనూ వేళ్ళతోనే సరిపెట్టుకున్న నానమ్మలు, అమ్మమ్మలు ఉండే ఉంటారు... వాళ్ళకి ఏ పువ్వంటే ఇష్టమో రాయండి. మా అమ్మకి చదివి వినిపిస్తాను.