మాస్టారి మోకాలు

నాలుగేళ్లు నేర్చుకున్నాక, కూచిపూడిలో మా నాట్యం మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "లెక్కలు బాగా వస్తాయంటగా అమ్మా, అవి చూసుకో," అన్నారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. చెప్పిన మాట వినే పిల్లను కాబట్టి అవే చూసుకున్నాను. బెజవాడలో కంప్యూటర్ ప్రొఫెసర్నయ్యాను, రెండు మూడు యంత్రాలు కనిపెట్టాను, పేటెంట్లూ వచ్చాయి. ఆయన ఒక్కసారి శభాష్ అంటే చాలన్న కోరిక మాత్రం యాభయ్యేళ్లొచ్చినా లోపల అలాగే ఉండిపోయింది.

అందుకే ఆయన కోసమని ఒకటి తయారుచేశాను. కెమెరా ఉన్న చిన్న పెట్టె. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి సరిగ్గా ఉంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. సరైనదేదో దానికి నేర్పడానికి మాస్టారి శిష్యురాళ్ల ఫొటోలు వేలకొద్దీ చూపించాను. అంతకంటే నమ్మకమైనవి నాకెక్కడ దొరుకుతాయి?

పెట్టె పట్టుకెళ్లిన రోజున ఆ శిష్యురాళ్లు ఒక్కొక్కరే వచ్చి దాని ముందు కూర్చున్నారు. అందరికీ పచ్చదీపమే. నా గర్వానికి ఆ హాలు చాల్లేదు. చివర్లో, వేరే ఊళ్లో నేర్చుకుని ఆ వారమే ఇక్కడ చేరిన అమ్మాయి వచ్చింది. గుంజలా నిటారుగా కూర్చుంది. ఎర్రదీపం!

"బాగానే కూర్చుందిగా పిల్ల. నీ పెట్టెకి కళ్లజోడు పెట్టించు," అన్నారు మాస్టారు.

సిగ్గుతో ల్యాప్‌టాప్ తెరిచి నేను వాడిన ఫొటోలన్నీ కొలిపించి చూశాను. పెట్టె తప్పేం లేదు. ఆయన శిష్యురాళ్లంతా కాస్త ఎడమకి ఒరిగి కూర్చుంటున్నారు. అదే సరైనదని పెట్టె నేర్చుకుంది. నీళ్లు నములుతూ ఎలాగో ఆయనకు చెప్పాను.

మాస్టారు పంచె పైకి లాగి కుడి మోకాలు చూపించారు. "పెళ్లయిన కొత్తలో సైకిలుతో సహా కాలవలో పడ్డాను. అప్పట్నుంచీ దీనిమీద బరువు వెయ్యలేను. నన్ను చూసి మీరంతా ఒరిగారన్నమాట. ఒక్కళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"మీకు చెప్పే ధైర్యం ఎవరికుందండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏదీ, నువ్వు కూర్చో," అన్నారు.

కొంగు బిగించి, నడుం పట్టేస్తుందేమోనని భయపడుతూనే కూర్చున్నాను. పచ్చదీపం వెలిగింది.

"నీకేం రాలేదని పంపించేశాను కదే," అన్నారు మెల్లగా.

ఏడుపొచ్చేసింది. అంతమంది ముందూ చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన తాళం వేసే కర్ర అందుకున్నారు.

"ఏడ్చింది చాల్లే. ఇప్పుడు నిటారుగా కూర్చో. మొదట్నుంచీ మొదలెడదాం."