తిరిగి రాని స్టీలు డబ్బా

పరిశోధక మిత్రులకు, వారి గురువులకు, ఈ పత్రిక పాఠకులందరికీ నమస్కారములు.

మొన్న తెల్లవారుజామున మా వదిన కన్నుమూసింది. మా పెద్దన్న భార్య. మహదేవపూర్ దగ్గర, గోదావరి ఒడ్డున మా ఊళ్లో జీవితమంతా సేద్యం చేసిన మనిషి. లేఖారచన పద్ధతి తెలిసినవాడినే అయినా పైన ఊరి పేరు, తేదీ వేయలేదు. ఇటువంటి ఊళ్లు ఏటి పొడవునా ఉన్నాయి.

ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను ఆమె ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. కూర లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలు, అవీ లేకపోతే చిటికెడు చక్కెర వేసేది. నేను జనగామలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో సెలవులకు వెళ్తే, నా టిఫిను డబ్బా నువ్వుల పొడితో నిండి తిరిగి వచ్చేది. "ఉత్త గిన్నె చేతికిస్తే ముఖం మీద తలుపేసినట్టుంటది మరిదీ" అనేది.

వరద ఆమె పొలం మీద ఇసుక మేట వేసిన ఏడాది, అటువంటి నేలలో ఏ పంట నిలుస్తుందో తేల్చడానికి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. మట్టి నమూనా కోసం తెచ్చుకున్న కాగితపు సంచి వానకు చినిగింది. వదిన వంటింట్లోంచి మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చి, కొంగుతో తుడిచి, మట్టి నింపి ఇచ్చింది.

"డబ్బా మల్ల తేవాలె బిడ్డా. ఉత్తగ తేవద్దు."

"ఏమేసి తేవాలె అవ్వా?"

"ఈ మట్టిల ఏం పండుతదో, గా ముచ్చట."

ఆ పిల్ల నవ్వి, తప్పక తెస్తానంది.

పొలాన్ని ఇటుక బట్టీకి ఇద్దామని కొడుకు అన్నప్పుడల్లా వదిన "జర ఆగు, డబ్బా రానీ" అనేది. నేల బీడుగానే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం ఆ పరిశోధన ఒక విదేశీ పత్రికలో అచ్చయిందని తెలిసి ఫోనులో వెతికాను. సారాంశం మాత్రమే కనిపించింది. పంటల పేర్లు లోపలి పూర్తి వ్యాసంలో ఉన్నాయి. లోపలికి వెళ్లాలంటే డాలర్లు కట్టాలి. ఆ సారాంశాన్నే తెలుగులోకి మార్చి, క్రియలు సరిచూసుకుంటూ వదినకు చదివి వినిపించాను.

"నీ వాక్యం మంచిగనే ఉన్నది సారూ. ఏం విత్తాలె, గది చెప్పు."

డబ్బు సంగతి చెప్పాను.

"మన మట్టి ముచ్చట మనకే అమ్ముతున్నరా? గంప మీది గుడ్డ చూపిచ్చి గంప దాచిన్రు."

ఆ విద్యార్థినికి ఫోను చేశాను. "నా దగ్గర ఉన్నది గని, బయటికి ఇయ్యొద్దన్నరు సార్" అంది. తరువాత గొంతు తగ్గించి, "అవ్వ మంచిగున్నదా?" అని అడిగింది. ఆమెది కొత్తగూడ దగ్గరి సేద్యపు కుటుంబమే. ఆమె మీద నాకు కోపం లేదు.

పెద్దకర్మ కాగానే పొలం బట్టీకి పోతుంది. నిన్న వదిన వంటింట్లోకి వెళ్లాను. అర మీద డబ్బాలు వరుసగా ఉన్నాయి. నడుమ ఒక డబ్బా పట్టేంత ఖాళీ. కోడలు అక్కడ ఏది పెట్టినా వదిన తీసేసేదట. ఇప్పుడు అడ్డు చెప్పేవారు లేకపోయినా కోడలు అక్కడ ఏమీ పెట్టలేదు.

వదినకు చదువు రాదు. ఏ సంగతైనా చెవితోనే వినేది. కనుక ఈ లేఖను మీ పరిశోధనశాలలో ఎవరైనా ఒకరు, అందరికీ వినబడేలా, పైకి చదవవలసిందిగా ప్రార్థన. చదివేవారు ఒకసారి తల ఎత్తి అక్కడి అరలు చూడండి. మట్టి నమూనాల మధ్య ఒక స్టీలు డబ్బా ఉండవచ్చు. మూత మీద మా వదిన పేరు చెక్కి ఉంటుంది.