వాడకుండా దాచిన వాల్వు

మొన్న మా మనవరాలు ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం ఊడబీకి, ఇంట్లో కనిపించిన ప్రతి ఇనుప వస్తువుకూ అంటించి చూస్తూ, నా పాత పనిముట్ల పెట్టెలోంచి పుట్టగొడుగులాంటి నల్లటి ముక్క ఒకటి తెచ్చి, ఇది ఇనుమేనా తాతయ్యా, అంటుకోవడం లేదేమిటీ అంది. పిల్ల చేతిలోంచి గబుక్కున లాక్కున్నాను.

అది మిలటరీ లారీ ఇంజను ఎగ్జాస్ట్ వాల్వు. యుద్ధం అయ్యాక తాడేపల్లిగూడెం విమానాల మైదానం దగ్గర అమ్మేసిన తుక్కులోంచి మా మావయ్య గోనెసంచితో కొనుక్కొచ్చినవాటిలో ఒకటి. ఏలూరులో ఆయనకు లేత్ షాపు ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, పెళ్లయి ఏడాదైనా తిరగని నేను అక్కడే పనిచేసేవాణ్ణి. మండిన పొగంతా ఆ వాల్వును ఒరుసుకునే బయటికి పోతుంది కనుక అది ఎర్రగా కాగుతుందనీ, వాల్వు చేయబోయే ముక్కను ముందు కొలిమిలో కాల్చి, ఎర్రగా ఉండగానే సుత్తితో కొట్టి చూడాలనీ, లొంగినా పొట్టు రాలినా పనికిరాదనీ మావయ్య పోరుతూనే ఉండేవాడు. నాకేమో ఆకురాయి మీద నమ్మకం. చల్లటి ముక్క మీద రుద్ది, అరగనిదే గట్టిదనేవాణ్ణి. వయసు పొగరు, ఇంకేముంది!

మా బాబాయి ఒక షావుకారుగారి టాక్సీ నడిపేవాడు. స్టీరింగు పట్టుకున్నాడంటే ఆయన ముఖమే వేరు. అలాంటిది పెళ్లిళ్ల రోజుల్లో ఆ కారు వాల్వు కాలిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి, వచ్చేదాకా బండి కదలదు. మావయ్య పనిమీద ఊరెళుతూ, ఈ లారీ వాల్వునే కారుకు సరిపడా తగ్గించి బిగించమని నా చేతిలో పెట్టాడు. ఆకురాయి దాన్ని సులువుగా కొరికేసింది. ఇంత మెత్తటిదేం ఆగుతుందిలే అనుకుని, దాన్ని నా పెట్టెలో పడేసి, పారేసిన లారీ ఇరుసు ముక్కతో తళతళలాడే వాల్వు తీశాను. కొలిమి వెలిగించడానికి బద్ధకించాను. కాకకు నిలిచే ఉక్కుల్లో అయస్కాంతం అంటనివి ఉంటాయని తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచాయి.

పదిరోజులు కాలేదు, గణపవరం దాటాక, పెళ్లివారు బండిలో ఉండగానే వాల్వు తల విరిగి లోపల పడి ఇంజను కాస్తా ముక్కలైంది. బాబాయి షావుకారుగారి దగ్గరికి వెళ్లేముందు నా దగ్గరికి వచ్చాడు.

"ఏరా అబ్బాయ్, మీ మావయ్య ఇచ్చిన ముక్కతోనేగా చేశావు?"

"అవును బాబాయ్."

అంతే, మారు మాట అడగలేదు. తిన్నగా వెళ్లి, మావాడి పనిలో లోపం లేదండీ, నేనే బండిని తెగ తరిమానండీ అని షావుకారుగారితో చెప్పేశాడట. కారు చేజారింది. ఇంజను విరగ్గొట్టినవాడన్న పేరు పడ్డాక ఇంకెవరిస్తారు బండి? కలిదిండి వైపు అత్తవారింటికి చేరి, కొల్లేట్లో పడవ నడుపుకుంటూ బతికాడు. ఏలూరు వచ్చినప్పుడల్లా మా ఇంటికి కొరమేనులు తెచ్చేవాడు. మా ఆవిడ మురిసిపోతూ వండేది, నేను చారన్నం తిని లేచేవాణ్ణి. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఈలోగా ఆయనే పోయాడు.

ఇప్పుడు వాల్వులు అట్టపెట్టెల్లో ఒబ్బిడిగా వస్తున్నాయి. కొలిమి రాజేసే పనీ లేదు, ఏ ముక్కతో చేశావని అడిగేవాళ్లూ లేరు. నన్నడిగింది బాబాయి ఒక్కడే. ఆయనకే అబద్ధం చెప్పాను.