మల్లయ్యతో పెట్టించిన సంతకం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా ఉపన్యాసం విని చప్పట్లు కొట్టినవాళ్లలో మీరూ ఉండొచ్చు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది అనంతపురం వైపు. సైన్యంలో కర్నల్‌గా రిటైరయ్యాక హైటెక్ సిటీలో ఒక ఐటీ క్యాంపస్‌కు సెక్యూరిటీ అధికారిగా చేరాను. మల్లయ్య నా పాత యూనిట్‌లో జవాను. నల్లగొండ జిల్లా మనిషి. అతను పెన్షన్ మీద బయటికొచ్చి పని వెతుక్కుంటుంటే నేనే పిలిచి క్యాంపస్ వెనక గేటు అప్పగించాను. సైన్యంలో తప్పు చేసినవాడి రికార్డులో ఎర్ర సిరాతో రాస్తారు. మల్లయ్య రికార్డులో ఎర్ర గీత ఒక్కటీ లేదు. అతనికున్న గర్వమల్లా అదే.

సైన్యంలో ఉన్న రోజుల్లో కుర్ర ఆఫీసర్లకు నేనో మాట చెప్పేవాణ్ణి. తప్పు జరిగితే అది మనది, మెప్పు వస్తే అది జవానుది. నమ్మే చెప్పేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న కాలం. ఒక బంద్ నాటి మధ్యాహ్నం, పోలీసులు తరుముతుంటే ఐదారుగురు విద్యార్థులు మా వెనక గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయికి నుదురు చిట్లి రక్తం కారుతోంది. బయటివాళ్లెవరినీ లోపలికి రానివ్వకూడదని యాజమాన్యం ఆదేశం. నేను మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. వాకీటాకీలో ఒక్క మాట అన్నాను. "మల్లయ్యా, గేటు తియ్."

తీశాడు.

ఉద్యమం మీద ప్రేమతో అన్నానా? కాదు. ఆ పిల్ల అక్కడే పడిపోతుందేమోనని అన్నాను. అది మంచి పనే. కానీ చేయించింది నేనేనని నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు చెప్పలేకపోయాను.

మర్నాడు పైవాళ్లు మీటింగ్ పెట్టారు. గేటు ఎవరు తీయించారని అడిగారు. నేను తీయించానంటే ఉద్యోగం పోతుందనుకున్నానా, లేక పాతికమంది ముందు తల దించుకోవాల్సి వస్తుందనుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. సరిహద్దులో కాల్పుల మధ్య వణకని మనిషిని, ఏసీ గదిలో ఒక ప్రశ్నకు వణికాను. కనుక్కుని చెబుతానన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక వెనక్కి దారి లేదనిపించింది. సాయంత్రానికి రిపోర్టు రాశాను. అధికారి అనుమతి లేకుండా గార్డు సొంతంగా గేటు తెరిచాడని. కింద అతని సంతకం కావాలి.

మల్లయ్యను నా గదికి పిలిచాను. కాగితం నిదానంగా చదివాడు.

"సాబ్, ఇండ్ల మీ పర్మిషన్ లేదని రాసుంది."

"అవును."

"మీరు చెప్తెనే తీసిన గద సాబ్."

"కొన్నాళ్లు ఓపిక పట్టు మల్లయ్యా. అంతా చల్లబడ్డాక నేను సర్దుతాను."

అతను కాగితం మీంచి తలెత్తాడు. కోపం లేదు. నా గురించి ఏదో తెలిసిపోయినవాడిలా చూశాడు.

"మీరు గింత పరేషాన్ల ఉండంగ నేనెన్నడు సూడలె," అన్నాడు. "సంతకం ఏడ వెట్టాలె?"

పెట్టాడు. సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు. ఆ వారమే పనిలోంచి తీసేశారు. మాట వినని మనిషని పేరు పడ్డాక వేరే ఏజెన్సీలూ తీసుకోలేదు. నేను సర్దలేదు. ఫోన్ చేద్దామనుకున్న ప్రతిసారీ ఏం చెప్పాలో తెలియక మానేశాను.

ఇంతవరకే అయితే పిరికితనం అనొచ్చు. ఆ తర్వాత చేసినదానికి ఏం పేరు పెట్టాలి?

రాష్ట్రం వచ్చింది. నిన్న నేరమైనది ఇవాళ గొప్పయింది. కొండాపూర్‌లో ఒక కంపెనీవాళ్లు బాధ్యత గురించి, గౌరవం గురించి మాట్లాడమని పిలిచారు. మాటల మధ్యలో, ముందుగా అనుకోకుండానే, ఆ గేటు కథ చెప్పాను. తియ్యమన్నది నేనేనని చెప్పాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చాలాచోట్ల చెప్పాను, ప్రతిసారీ ఇంకాస్త బాగా. మల్లయ్య పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. తప్పుగా ఉన్నప్పుడు అతనిది చేశాను. మెప్పుగా మారాక నాది చేసుకున్నాను.

పోయిన నెల నార్సింగిలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ చిన్న టిఫిన్ బండి నడుపుతున్నారు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు. స్టూల్ వేసి చాయ్ ఇచ్చాడు. నేను తప్పు చేశానని మొదలుపెడితే మధ్యలోనే ఆపాడు.

"నాకెరుకే సాబ్. నేనే తీసినా అని ఇంట్ల చెప్పిన. మా ఆమె ఇప్పటికీ, నీకేం పట్టింది గా దినం, గేటెందుకు తీసినవ్ అంటది. ఆమెకు చెప్పుండ్రి."

ఆమెను పిలిచాడు. నేను లేచి నిలబడి చెప్పాను. ఒక్క మాట దాచలేదు. ఆమె చేతిలో అట్లకాడ పట్టుకుని మొత్తం విన్నది. భర్త వైపు తిరిగి, "ఇన్నేండ్లు నాతోని ఎందుకు తిట్లు తిన్నవయ్యా?" అని అడిగింది. మల్లయ్య తల దించుకున్నాడు. ఆ ఇద్దరి మధ్యా నాకిక చోటు లేదు. నేను వచ్చేశాను. మళ్లీ రమ్మని వాళ్లు అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఆ ముఖం నాకు లేదు.

మిగిలింది చప్పట్లు కొట్టినవాళ్లు. మీరు కొట్టిన చప్పట్లలో నావి కానివి ఉన్నాయి. గేటు తియ్యమన్నది నేను, నిజమే. దాని శిక్ష అనుభవించినవాడు మల్లయ్య. అతను ఏనాడూ ఆజ్ఞ మీరలేదు. ఈ మాట ఆ రోజే, ఆ మీటింగ్‌లోనే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.