రెండో వైపు చివరి పాట

నిన్న ఆదోని స్టేషన్‌కు ఆటోలో వెళ్తూ చిన్నప్పటి నుంచి నాకిష్టమైన ఒక ఇంగ్లీషు హార్డ్ రాక్ బృందం కొత్త ఆల్బం విన్నాను. గాయకుడి గొంతు ముసలిదైపోయింది, అయినా గిటార్ మోగగానే ఒళ్లు జలదరించింది. నా మటుకు వాళ్ల మొదటి ఆల్బమే గొప్పది. తర్వాతి రికార్డింగులు ఆ గరుకుదనం లేకుండా మరీ నున్నగా ఉంటాయి.

క్యాసెట్ టేపు చిక్కుపడితే పెన్సిల్‌తో తిప్పేవాళ్లం, గుర్తుందా? ఆ మొదటి ఆల్బం క్యాసెట్‌ను నేను అరిగేదాకా విన్నాను.

మా అవ్వ చనిపోయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం నేను ఆ క్యాసెట్టే పెట్టుకుని వింటుండగా నాయన పత్తి మిల్లు నుంచి వచ్చాడు. జుట్టు నిండా దూది పీచు. తల్లి పోయినా ఆయన ఏడవలేదు, ఎవరితోనూ సరిగా మాట్లాడనూ లేదు.

"ఏందమ్మీ ఆ అరుపులు?" అంటూ టేప్‌రికార్డర్ ఆపబోయాడు. అప్పుడే రెండో వైపు చివరి పాట, ఆ నెమ్మదైన పాట మొదలైంది. నాయన చెయ్యి ఆగిపోయింది.

"ఈయప్ప ఎందుకింత బాధపడతాండాడు?"

"మాటలు నాకూ తెల్దు నాయనా."

"మాటలెందుకులే. ఇంగోసారి పెట్టు."

పెట్టాను. నాయన నేల మీద కూలబడి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, అవ్వ కోసం మొదటిసారి ఏడ్చాడు.