పదమూడు తర్వాత ఖాళీలు

మా ఆయన అక్కయ్య, నాకు వదిన, నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ముప్పై ఏళ్లు వేలి కణుపుల మీదే లెక్కలు పెట్టింది. సర్వీసు ఇంకో ఏడాది ఉందనగా ఆవిడకి కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్పించారు. ఈ వయసులో ఈ పాట్లేమిటని నాకు ఒళ్లు మండింది. వదినది మాత్రం ఉడుంపట్టు.

మొదట లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం, నేర్చుకుంది. అన్నం తింటూ నాకూ చెప్పేది.

"లెక్క సున్నాతో మొదలుపెట్టాలి. వాక్యంలోంచి ఒక్కో అక్షరం తీయాలి. తీసినప్పుడల్లా ఒకటి కలపాలి. మిగల్లేదంటే ఆగాలి. అంతేనమ్మాయ్."

లూప్‌ని పరీక్షించడానికి తమ్ముడి పంపుహౌసు నుంచి వచ్చే సందేశమే తీసుకుంది. మా ఆయన పంపుహౌసులో ఆపరేటరు. అక్కడి యంత్రం గంటకోసారి తనంతట తానే ఆఫీసుకి ఒకే వాక్యం పంపుతుంది: 'నీళ్లు ఆగలేదు'. గుణింతాలూ, ఒత్తూ, మధ్య ఖాళీ కంప్యూటర్‌కి వేటికవే లెక్క కాబట్టి పదమూడు రావాలి. వదిన కణుపుల మీద రెండుసార్లు చూసుకుంది. లూప్ మాత్రం ఇరవై అయిదు చూపించింది.

ఆఫీసంతా నవ్వింది. ఆవిడ తిన్నగా మా ఇంటికొచ్చి తమ్ముణ్ని నిలదీసింది.

"అది నీ కంటబడుతుందనుకోలేదక్కా," అన్నాడాయన తల గోక్కుంటూ. "గంటకి పన్నెండుసార్లు పంపుల చుట్టూ తిరగాలి. తిరిగొచ్చినప్పుడల్లా యంత్రంలో ఆ వాక్యం చివర ఒక ఖాళీ నొక్కుతా, లెక్క మర్చిపోకుండా. సందేశం వెళ్లాక మళ్లీ మొదట్నుంచి."

కుర్చీకి అతుక్కుపోయి జీతం తీసుకుంటావని పెళ్లయిన దగ్గర్నుంచీ దెప్పిపొడుస్తున్నదాన్ని నేనే.

అప్పట్నుంచి వదిన గంటగంటకీ లూప్ నడిపేది. ఇరవై అయిదొస్తే నాకు ఫోన్ చేసి, "తిరుగుతున్నాడు," అని పెట్టేసేది.

ఒక సోమవారం పదకొండింటికి పదమూడే వచ్చింది.

"సందేశం వచ్చిందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు ఆఫీసరు. వదిన వినిపించుకోకుండా ఆటో ఎక్కి, దారిలో నన్నూ ఎక్కించుకుంది. పంపులు బాగానే నడుస్తున్నాయి. మూడో పంపు వెనకాల ఆయన బోర్లా పడి ఉన్నాడు. పది దాటగానే గుండె ఆగిందన్నాడు డాక్టరు. పదకొండింటికి వచ్చిన వాక్యంలో మాత్రం నీళ్లు ఆగలేదని ఉంది.

తర్వాత పంపుల్ని ఆఫీసు నుంచే నడపడం మొదలెట్టారు. పంపుహౌసుకి తాళం పడింది. తాళంచెవి వదిన బల్ల సొరుగులోనే ఉంది. ఆ యంత్రాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. గంటకోసారి అదే వాక్యం, అదే పదమూడు. వదిన నాకు ఫోన్ చేయడం మానేసింది.

నిన్న మధ్యాహ్నం చేసింది.

"పొద్దున పద్నాలుగొచ్చింది. నీకు చెప్పలేదు," అంది. "తర్వాత పదిహేడు. ఇప్పుడు ఇరవై అయిదు."

"తాళం?"

"వేసే ఉంది. మనిషిని పంపి చూపించా. నేను తప్పు రాశానేమోనని కణుపుల మీద కూడా..." అంటూ ఆగిపోయింది. కనబడని ఖాళీల్ని కణుపుల మీద ఎలా లెక్కపెడుతుంది? ఆవిడే మళ్లీ అంది. "తిరుగుతున్నాడమ్మాయ్. రేపు యంత్రం పీకేస్తారట. నీ మాటేదైనా ఉంటే ఇక్కణ్నుంచి దానికి టైపు చేసి పంపిస్తా."

అడగాల్సినవి చాలా ఉన్నా నోటికి ఒక్కటే వచ్చింది.

"ఇంక చాల్లే, కూర్చోమను వదినా."